‘70 ఎంఎం తెర’ అనవచ్చా?

సందేహం: మా ఊళ్లో కొత్త థియేటర్ బోర్డు మీద ‘70 ఎంఎం తెర’ అని రాశారు. మా నాయన దాన్ని ‘సినిమాస్కోప్ పర్ద’ అంటాడు. నేను ‘పెద్దతెర’ అని రాస్తున్నాను. ఏది సరైనది? – ఒక పాఠకుడు, హన్మకొండ

సమాధానం: పర్ద ఫారసీ మాట. ఉర్దూ మీదుగా మన ఓరుగల్లు ఇళ్లలోకి వచ్చి స్థిరపడింది. దానికి వంక పెట్టను.

తెర అన్న మాట వింటే మాత్రం నాకు ప్రాణం లేచి వస్తుంది. తెర అంటే అడ్డు కట్టిన గుడ్డ, తెర అంటే అల. తమిళంలో తిరై, కన్నడంలో తెరె. అక్కడా ఈ రెండర్థాలూ ఉన్నాయి. గాలికి గుడ్డ ఉబ్బి తగ్గడం చూసినవాళ్లు పెట్టిన పేరేమో! మన బమ్మెర పోతన ‘నిర్మల మందాకినీ వీచికల దూగు రాయంచ’ అన్నచోట వీచిక అంటే తెరే. ఆ పాదం చదివినప్పుడల్లా చిందు భాగవతంలో ఇద్దరు పట్టుకున్న తెర నా కళ్లముందు ఊగుతుంది. 1950లలో వెడల్పు బొమ్మల కోసం తెరను ఒంపు తిప్పి కట్టారని చదివి, పాత అర్థం తిరిగొచ్చిందని మురిసిపోయాను.

బోర్డు రాసినవాళ్లు ఇంకాస్త ఆలోచించాల్సింది. 70 మిల్లీమీటర్లు ఫిల్ము వెడల్పు, తెరది కాదు. 1986లో ‘సింహాసనం’ తెలుగులో మొదటి 70 ఎంఎం సినిమాగా వచ్చినప్పుడు ఆ మాటకు విలువ ఉంది. డిజిటల్ ప్రొజెక్టర్‌తో బొమ్మ వేసే హాల్లో అసలు ఫిల్మే ఉండదు, ఇక 70 ఎక్కడిది?

సినిమాస్కోప్ కూడా తెర పేరు కాదు, 1953లో అమెరికాలో మొదలైన పద్ధతి పేరు. కెమెరా లెన్సు బొమ్మను అడ్డంగా సగానికి నొక్కి 35 ఎంఎం ఫిల్ము మీదికి ఎక్కిస్తుంది, ప్రొజెక్టర్ లెన్సు దాన్ని మళ్లీ సాగదీస్తుంది. ఆ రెండో లెన్సు లేకపోతే మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తారు. పాత బొమ్మలో ఎత్తు 1 అయితే వెడల్పు 1.37, స్కోప్‌లో 2.35.

మీ ‘పెద్దతెర’ బుల్లితెరకు ఎదురుమాట. అది సైజు చెబుతుంది, ఆకారం చెప్పదు. ‘విశాల తెర’ తప్పనలేను గానీ, అందులో ఎత్తు కూడా కలిసిపోతుంది. నాకైతే ‘వెడల్పు తెర’ నచ్చుతుంది. మీ నాయన మాటంటారా, పద్ధతి పేరు పర్దకు అంటుకుని చాలా ఏళ్లయింది. ఆయన్ను దిద్దకండి.