ఐఆర్‌సీ (ఇంటర్నెట్‌లో టెక్స్ట్ చాట్ పద్ధతి) చానెల్‌లో మీటింగ్ పెడితే మినిట్స్, అంటే మీటింగ్ సారాంశం, ఎవరు రాస్తారు?

ఎవరూ కూర్చుని రాయక్కర్లేదు, మీట్‌బాట్ అనే చాట్ ప్రోగ్రామ్ రాస్తుంది. డెబియన్ అనే లినక్స్ ప్రాజెక్టు వాళ్ల కోసం తయారైన ఈ బాట్‌ను ఫెడోరా అనే మరో లినక్స్ ప్రాజెక్టు కూడా ఏళ్ల తరబడి వాడింది.

హ్యాష్ గుర్తు పెట్టి స్టార్ట్‌మీటింగ్ అని కొట్టినవాళ్లే చైర్, అంటే మీటింగ్ నడిపేవాళ్లు. అక్కడి నుంచి ప్రతి మాటా లాగ్‌లోకి (చాట్ రికార్డులోకి) ఎక్కుతుంది. టాపిక్ మార్చడం, అగ్రీడ్ అని తీర్మానం నమోదు చేయడం చైర్ పని. ఇన్ఫో, లింక్, యాక్షన్ అనే కమాండ్లు మాత్రం ఎవరైనా కొట్టొచ్చు. నాకు బాగా నచ్చేది యాక్షనే: ఆ వరుసలో ఎవరి నిక్ (చాట్‌లో వాడే పేరు) ఉంటే, మినిట్స్‌లో ఆ పని వాళ్ల పేరు కిందే చేరుతుంది. "చూద్దాంలే" అని తప్పించుకోవడం కష్టం.

ఎండ్‌మీటింగ్ కొట్టగానే మినిట్స్, పూర్తి లాగ్ రెండూ వెబ్‌పేజీలుగా తయారై, లింకులు చానెల్‌లోనే పడతాయి. మినిట్స్‌లోని ప్రతి అంశం నుంచీ లాగ్‌లో ఆ మాట అన్న చోటికి వెళ్లొచ్చు. పాత మీటింగులు వెతకడానికి ఫెడోరా వాళ్లు మోట్ అనే వెబ్ ఇంటర్‌ఫేస్ కట్టుకున్నారు.

మీటింగ్ సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ప్రకటిస్తే మనవాళ్లు ఐదున్నర గంటలు కలుపుకోవాలి. రాత్రి మీటింగైతే నిద్ర మానుకోకండి, పొద్దున్నే లాగ్ చదువుకోవచ్చు.