బొమ్మలకు రంగులు వేస్తూ బతకొచ్చా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఉంటాం. నా భార్య ఆస్పత్రిలో నర్సు. నేను డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఒక వేర్‌హౌస్‌లో వారానికి 16 గంటలు కనీస వేతనానికి పనిచేస్తున్నాను. రెండేళ్లుగా వార్‌హామర్ అనే బల్లమీద ఆడే యుద్ధ ఆట బొమ్మలకు రంగులు వేయడం అలవాటైంది. నెలకు 150 పౌండ్లు దానికే పోతున్నాయి. తెరవని పెట్టెలు ఇంకా తొమ్మిది ఉన్నాయి. ఈ ఏడాది క్లబ్‌లో వాళ్లకు నాలుగు దళాలు వేసిచ్చాను. పది బొమ్మల దళానికి 120 పౌండ్లు ఇచ్చారు. బొమ్మకు మూడు గంటలు పడుతుంది. ఉద్యోగం మానేసి ఇదే పెట్టుకుందామంటే నా భార్య ఒప్పుకోవడం లేదు. ఇక్కడికి రావడానికి గుంటూరులో బ్యాంకు నుంచి తీసుకున్న అప్పు ఇంకా 3.5 లక్షలు ఉంది. వడ్డీ 14 శాతం, ఈఎంఐ 12 వేలు. బొమ్మల మీద వచ్చే డబ్బుకు ట్యాక్స్ కట్టాలా? ఈ బొమ్మలు తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ షేర్లు కొనుక్కుంటే మంచిదా?

జవాబు: మీరు పంపిన ఫొటోలను పెద్దవి చేసుకుని మరీ చూశాను. బొటనవేలంత సైనికుడు. భుజం కవచం అంచు పొడవునా వెంట్రుక మందాన లేత నీలం గీత, ఎక్కడా తెగలేదు. హెల్మెట్ కంటి అద్దంలో ఒక మూలన తెల్ల చుక్క పెట్టారు, దాంతో అది నిజంగా గాజులా మెరుస్తోంది. ఇది చేయి తిరిగిన పని. అయినా ఉద్యోగం మాత్రం మానకండి.

పది బొమ్మలకు 30 గంటలు. 120 పౌండ్లలో రంగులకూ బ్రష్షుల అరుగుదలకూ 10 తీసేస్తే 110 మిగులుతుంది. గంటకు 3 పౌండ్ల 67 పెన్నీలు. 2025-26 లెక్కన 21 ఏళ్లు నిండినవాళ్లకు ఇక్కడి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు. వేర్‌హౌస్‌లో గంటకు వచ్చేది ఇక్కడ మూడు గంటలు కూర్చున్నా రావడం లేదు. పైగా మీరు చెప్పిన మూడు గంటల్లో అన్నీ కలిపారా అని నా అనుమానం. ప్లాస్టిక్ ఫ్రేమ్ నుంచి ముక్కలు కత్తిరించడం, అచ్చు గీతలు గీకి నున్నగా చేయడం, అతికించడం, ప్రైమర్ కొట్టి ఆరబెట్టడం, చివర్లో అడుగు బిళ్ల మీద ఇసుక అద్దడం, వార్నిష్ వేయడం. ‘ఎరుపు ఇంకాస్త ముదురుగా ఉంటే బాగుండేది’ అంటూ వాట్సాప్‌లో వచ్చే మెసేజ్‌లకు పట్టే టైమ్ వేరే.

తెనాలిలో మా పెద్దమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది. దారం, లైనింగ్ ఖర్చు పైసలతో సహా నోటు పుస్తకంలో రాసేది. కాజాలు కుడుతూ రాత్రి పదకొండు దాకా మేలుకున్న గంటలు మాత్రం ఏనాడూ అందులోకి ఎక్కలేదు. చేతిపని చేసేవాళ్లు ఎక్కువగా నష్టపోయేది అక్కడే. వేర్‌హౌస్ జీతంతో సమానం కావాలంటే మీరు దళానికి 376 పౌండ్లు అడగాలి. మీ క్లబ్‌లో అంత ఇచ్చేవాళ్లు ఉంటే మళ్లీ ఆలోచిద్దాం.

మీ భార్య ఎందుకు ఒప్పుకోవడం లేదో నాకు అర్థమవుతోంది. మీ ఇద్దరి వీసాలూ ఆవిడ ఉద్యోగం మీదే నిలబడి ఉన్నాయి. ఆ ఉద్యోగానికి ఏదైనా అయితే కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి మామూలుగా ఇచ్చేది 60 రోజులే. అలాంటి ఇంట్లో రెండో జీతం చిన్నదైనా పెద్ద ధైర్యం. ఇంకో సంగతి కూడా ఉంది. ఏడాదికి 6,500 పౌండ్లకు తగ్గకుండా జీతం ఉంటే (2025-26 లెక్క) ఆ ఏడాది మీ నేషనల్ ఇన్సూరెన్స్ రికార్డులో చేరుతుంది. ఇక్కడి స్టేట్ పెన్షన్‌లో ఏమైనా రావాలంటే కనీసం అలాంటి ఏళ్లు 10 ఉండాలి.

ఇప్పుడు అప్పు సంగతి. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే. 14 శాతం చొప్పున మొదటి ఏడాది వడ్డీయే 43 వేల రూపాయల దగ్గర ఉంటుంది. 12 వేల ఈఎంఐతో తీరాలంటే మూడేళ్లు పడుతుంది. బొమ్మలకు పెడుతున్న 150 పౌండ్లు, అంటే నెలకు దాదాపు 17 వేల రూపాయలు, ఈఎంఐకి తోడు అసలుకు జమ చేస్తూ పోతే 13 నెలల్లో తీరిపోతుంది. వడ్డీలో సుమారు 50 వేలు మిగులుతాయి. ముందుగా కడితే చార్జీ ఎంత వేస్తారో బ్యాంకును మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

మరి బొమ్మలు మానేయాలా? అక్కర్లేదు. మానేయమని నేను చెప్పను. రోజంతా డబ్బాలు మోసి వచ్చినవాడు రాత్రి దీపం కింద గంటసేపు ఊపిరి బిగబట్టి ఒక గీత గీస్తే మనసు కుదుటపడుతుంది. అది ఖర్చు కింద రాసుకోవాల్సిందే, దండగ కింద కాదు. ఆ ఖర్చును మాత్రం బొమ్మలే మోయాలి.

ట్యాక్స్ నిబంధన కూడా దీనికి బాగా కలిసొస్తుంది. బ్రిటన్‌లో ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 దాకా ఇలాంటి చిన్న పనుల మీద వచ్చిన మొత్తం 1,000 పౌండ్లు దాటకపోతే ట్రేడింగ్ అలవెన్స్ కింద ట్యాక్స్ ఉండదు, మామూలుగా రిజిస్టర్ చేసుకోవాల్సిన పని కూడా ఉండదు. చేతికొచ్చిన మొత్తం అని గుర్తుంచుకోండి. ఖర్చులు పోగా మిగిలింది కాదు. దాటితే ఆ ట్యాక్స్ ఏడాది ముగిశాక వచ్చే అక్టోబర్ 5 లోపు హెచ్ఎంఆర్‌సీకి (ఇక్కడి ట్యాక్స్ శాఖకు) చెప్పి, జనవరి 31 లోపు ఆన్‌లైన్‌లో రిటర్న్ వేయాలి. ఏడాదికి ఎనిమిది దళాలు చేస్తే 960 పౌండ్లు, అంటే నెలకు 80. అదే మీ రంగుల బడ్జెట్. జీతంలోంచి ఒక్క పెన్నీ తీయకండి.

80 పౌండ్లు చాలవు అనుకోకండి. తొమ్మిది పెట్టెలు ఇంట్లోనే ఉన్నాయి, మీరు కొనాల్సింది రంగులే. మీరు పంపిన కొనుగోళ్ల లిస్టులో ఒకే నల్ల వాష్ (మడతల్లో నీడ కోసం పూసే పల్చటి రంగు) మూడు నెలల్లో నాలుగుసార్లు కనిపించింది. చిన్న డబ్బా మూత సరిగా పడక గడ్డకట్టి ఉంటుందని నా ఊహ. డబ్బాలోంచి నేరుగా బ్రష్ ముంచకండి. పాత టిఫిన్ బాక్సులో తడి స్పాంజ్ పరిచి, దాని మీద బేకింగ్ పేపర్ వేసి, కావాల్సిన నాలుగు చుక్కలు అక్కడ పెట్టుకోండి. మూత పెడితే మర్నాటికీ రంగు తడిగానే ఉంటుంది.

ఆ తొమ్మిదిలో మనసు పడనివి రెండు మూడు ఉంటే అమ్మేయండి. సొంతానికి కొనుక్కున్న వస్తువులు అమ్ముకుంటే ఇన్‌కమ్ ట్యాక్స్ రాదు. ఈబే లాంటివి ఏడాదికి 30 లేదా అంతకన్నా ఎక్కువ అమ్మకాలు చేసినవాళ్ల, లేదా 2,000 యూరోలు దాటినవాళ్ల వివరాలు హెచ్ఎంఆర్‌సీకి పంపుతాయి. అలా పంపినంత మాత్రాన ట్యాక్స్ పడదు, కంగారుపడకండి. లాభానికి అమ్మాలనే పెట్టెలు కొంటే మాత్రం అది వ్యాపారం, ఆ డబ్బు పై వెయ్యిలోకి వస్తుంది.

మీరు అడగని ఒక విషయం. 2025-26 కనీస వేతనం లెక్కన మీ జీతం ఏడాదికి 10,158 పౌండ్లు. ట్యాక్స్ లేని పరిమితి 12,570. మీరు వాడుకోని దానిలోంచి 1,260 పౌండ్లను మ్యారేజ్ అలవెన్స్ కింద మీ భార్యకు బదిలీ చేయొచ్చు. ఆవిడ బేసిక్ రేటులో (20 శాతం ట్యాక్స్ పరిధిలో) ఉంటే ఏడాదికి 252 పౌండ్లు మిగులుతాయి. అర్హత ఉంటే వెనకటి నాలుగేళ్లకూ అడగొచ్చు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే అప్లై చేయండి, కమీషన్ తీసుకునే ఏజెంట్ల దగ్గరికి పోకండి.

షేర్లు ఇప్పుడు వద్దు. గేమ్స్ వర్క్‌షాప్ మీ ఊళ్లోనే ఉంది, 2024 డిసెంబర్‌లో లండన్ మార్కెట్‌లోని వంద పెద్ద కంపెనీల సూచీ ఎఫ్‌టీఎస్‌ఈ 100లోకి కూడా ఎక్కింది. వాళ్ల బొమ్మలు మీకు ఇష్టమైనంత మాత్రాన ఆ షేరు ఏటా పెరగాలని లేదు. 14 శాతం అప్పు తీర్చడమంటే 14 శాతం గ్యారంటీగా సంపాదించినట్టే. అది తీరాక మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టండి, ఆ తర్వాత ఐసాలో (లాభం మీద ట్యాక్స్ పడని ఇక్కడి పొదుపు ఖాతాలో) ఇండెక్స్ ఫండ్ గురించి మాట్లాడుకుందాం.

తర్వాతి దళం మొదలుపెట్టినప్పుడు పట్టిన నిమిషాలన్నీ, ముక్క కత్తిరించిన దగ్గర్నుంచి వార్నిష్ దాకా, పెట్టె మూత లోపల పెన్సిల్‌తో రాయండి. పదో బొమ్మ అయ్యాక ఆ మూత మీ భార్యకు చూపించి, తర్వాతి ఆర్డరుకు ఎంత అడగాలో ఇద్దరూ కలిసి తేల్చుకోండి.