ఏటి అవతలి పుట్టింటికి చుట్టంగా

ప్రశ్న: మాది కోనసీమలో, పి.గన్నవరం మండలంలోని ఒక లంక గ్రామం, అంటే గోదావరి పాయల నడుమ ఉన్న ఊరు. పెళ్లయి హైదరాబాదు వచ్చి రెండు దశాబ్దాలు దాటింది. అమ్మానాన్నలు చివరి రోజుల్లో నా దగ్గరే ఉండి కాలం చేశారు. మా ఇల్లు ఉన్న చోటు ఏటి కోతలో కలిసిపోయింది. ఇప్పుడు మా వారిని, కాలేజీలో చదువుతున్న పిల్లలిద్దరినీ తీసుకెళ్లి ఊరు చూపించాలని ఉంది. అక్కడ మా బాబాయి కుటుంబం, పెదనాన్న కొడుకు కుటుంబం ఉన్నాయి గాని వారి మధ్య మాటల్లేవు. ఒకరింట దిగితే రెండోవారికి కోపం వస్తుంది. అమలాపురంలో లాడ్జి తీసుకుని పగటిపూట వెళ్లి వద్దామని మా వారు అంటున్నారు. సొంత ఇల్లు లేని సొంత ఊరికి ఎలా వెళ్లాలో చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: లాడ్జి ఆలోచన దయచేసి మానుకోండి. మీ వారు ఎవరినీ నొప్పించకూడదనే అలా అంటున్నారు, కాని లంకలో దాని ఫలితం వేరుగా ఉంటుంది. ఊరంతా ఒకే రేవు మీద ఆధారపడి బతికే చోట, ఇంటి ఆడపడుచు సాయంత్రం కాగానే ఏరు దాటి వెళ్లిపోయి పొరుగూరి లాడ్జిలో పడుకుంటోందన్న సంగతి ఆ రాత్రికే ప్రతి అరుగు మీదా చర్చకు వస్తుంది. అప్పుడు ఒక ఇంటికి బదులు రెండిళ్లూ తలదించుకోవలసి వస్తుంది. మీ నాన్నగారి తర్వాత ఆయన స్థానంలో ఉన్నది బాబాయి గనుక రాత్రి బస అక్కడే చేయండి. దానిని ఎవరూ తప్పు పట్టరు. ప్రయాణం ఖాయం కాగానే బాబాయికి ఫోన్ చేసి, అదే రోజు మీ అన్నయ్యకు కూడా మీరే స్వయంగా చెప్పండి. మీ రాక గురించి ఆయన రేవులో ఇంకొకరి నోట వినకూడదు. ఊరు చేరాక సామాను బాబాయి ఇంట పెట్టి, కాళ్లు కడుక్కుని, వెంటనే అన్నయ్య ఇంటికి వెళ్లండి. మొదటి పూట భోజనం వదిన చేతి వంటే కావాలని ముందే అడగండి. తగువు ఎందుకు వచ్చిందో ఇద్దరూ చెబుతారు. ఓపికగా వినండి గాని తీర్పరిగా మాత్రం కూర్చోకండి. మీరు తిరిగి వచ్చేశాక వారిద్దరూ అక్కడే, ఒకే వీధిలో బతకాలి.

ఎప్పుడు వెళ్లాలన్నది మీరు అడగలేదు గాని, నా దృష్టిలో అది బస కంటే ముఖ్యం. ఊడిమూడిలంక, జి.పెదపూడిలంక, బూరుగులంక, అరిగెలవారిపేట వంటి గ్రామాలకు నీరు తగ్గిన కాలంలో గోదావరి వశిష్ఠ పాయ మీద వేసిన తాత్కాలిక బాట ఉంటుంది, వరద రాగానే అది కొట్టుకుపోతుంది, ఆ తర్వాత పడవే గతి. ఇది మీకు చిన్ననాటి నుంచి తెలిసిందే. అయితే నగరంలో సెలవులను బట్టి ప్రయాణాలు వేసుకునే అలవాటులో మనం నదిని మరిచిపోతాం. జులై నుంచి సెప్టెంబరు వరకు వెళ్లకండి. 2018 జులైలో ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర పడవ నిర్మాణంలో ఉన్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడినప్పుడు ప్రాణాలు పోగొట్టుకున్నది ఎక్కువగా బడి నుంచి ఇళ్లకు వెళుతున్న పిల్లలే. ఆ ఊళ్లవారు తప్పనిసరై ఎక్కే పడవను మనం ముచ్చట కోసం ఎక్కి, వరద రోజున వారికి అదనపు భారం కాకూడదు. ధవళేశ్వరం ఆనకట్ట వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. వార్తల్లో ఆ మాట వినిపిస్తే ప్రయాణం వాయిదా వేసుకోవడమే మర్యాద.

సంక్రాంతికి ఊరు కళకళలాడుతుంది, నిజమే. కాని మీలాగే వచ్చిన చుట్టాలతో ప్రతి ఇల్లూ నిండిపోయి ఉంటుంది, ఎవరితోనూ నిలబడి నాలుగు మాటలు మాట్లాడే తీరిక దొరకదు. మాఘమాసంలో వెళ్లమని నా సలహా. ఏరు తగ్గి ఉంటుంది, భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో నరసింహస్వామి రథోత్సవం జరుగుతుంది. మీ ఊరి పక్కన పారిన వశిష్ఠ సముద్రంలో కలిసే చోటును పిల్లలు కళ్లారా చూస్తారు.

ఊళ్లో మొదటి రోజు చేయవలసిన పని పరామర్శ. ఇన్నేళ్లలో ఎవరెవరు పోయారో ముందే బాబాయిని అడిగి తెలుసుకుని, ఆ ఇళ్లన్నింటికీ వెళ్లండి. చాలా ఇళ్లలో మంగళ, శుక్రవారాల్లో పరామర్శను ఇష్టపడరు గనుక రోజు చూసుకోండి. మీ తల్లిదండ్రులు హైదరాబాదులో కాలం చేసినందువల్ల వారి కోసం కన్నీరు పెట్టుకునే అవకాశం ఆ ఊరికి దక్కలేదు. మీరు గడపలో అడుగు పెట్టగానే పెద్దవాళ్లు మిమ్మల్ని పట్టుకుని ఏడవవచ్చు, ‘ఇన్నాళ్లకు గుర్తొచ్చామా’ అని నిష్ఠూరమాడవచ్చు. దానికి సంజాయిషీ చెప్పుకోవలసిన పని లేదు, కూర్చుని వినండి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరిన వరదను, 2022 జులైలో 71.3 అడుగులకు చేరిన వరదను వారు పోల్చి చెబుతారు, గోడ మీద నీళ్లు ఎంతవరకు నిలిచాయో చేత్తో చూపిస్తారు. మొదటిది మీ బాల్యంలోదైతే రెండోది మీరు పంచుకోనిది. ఆ రెండో వరద గురించి మీరే అడగండి. ఊరికి దూరమైన మనిషి మళ్లీ దగ్గర కావడానికి, తాను లేనప్పుడు అక్కడ ఏం జరిగిందో అడిగి తెలుసుకోవడం కంటే మంచి దారి నాకు తోచడం లేదు.

ఇల్లున్న చోటు చూడాలని మీకు తప్పక ఉంటుంది. ఊరివారిని తోడు తీసుకుని వెళ్లండి. ఒండ్రు మట్టి గట్టును నీరు అడుగు నుంచి తొలిచేస్తుంది గనుక పైకి గట్టిగా కనిపించే అంచు కూడా ఒక్కసారిగా విరిగి పడుతుంది. పిల్లలను అంచుకు దూరంగా నిలబెట్టండి. అక్కడ నిలుచున్నప్పుడు భూమి సంగతి ఎత్తకండి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో దేశమంతటా ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానమైన హక్కు వచ్చింది, మీకు రావలసినది ఏదైనా ఉంటే దానిని నేను తక్కువ చేయడం లేదు. కాని చాలా కాలం తర్వాత వచ్చిన ఆడపడుచును చూడగానే ‘వాటా కోసం వచ్చిందేమో’ అన్న అనుమానం ఏ ఇంట్లోనైనా మెదులుతుంది. ఆ మాట మాట్లాడవలసి ఉంటే ఇంకొక ప్రయాణంలో, కాగితాలతో, ఆ పని మీదే వచ్చానని చెప్పి మాట్లాడండి.

పిల్లలకు ఒక్క విషయం నచ్చజెప్పండి. రేవును, పడవను వీడియో తీసి సాహసయాత్రలాగా నలుగురికీ చూపించవద్దు. నొప్పులు పడుతున్న గర్భిణులు ఆసుపత్రికి వెళ్లేది ఆ దారినే.

కానుకల గురించి ఎక్కువ ఆలోచించకండి, రెండిళ్లకూ సమానంగా పట్టుకెళితే చాలు. తీసుకోవడం నేర్చుకోండి, అది ఇవ్వడం కంటే కష్టం. పసుపు కుంకుమలతో చీర పెడితే ‘ఎందుకండీ ఇవన్నీ’ అనకుండా కట్టుకుని చూపించండి. కొబ్బరికాయలు, అరటి గెల, కంద దుంపలు మూటగట్టి ఇస్తారు, మోయలేమని అక్కడ వదిలి రావద్దు. ఊరికి ఏదైనా చేయాలనిపిస్తే బడి హెడ్మాస్టరును కలిసి ఏం కావాలో అడగండి. పడవలో వెళ్లే పిల్లలకు లైఫ్ జాకెట్లు చాలినన్ని ఉన్నాయో లేవో తెలుసుకుంటే, ఎక్కడ మొదలుపెట్టాలో మీకే అర్థమవుతుంది.

ప్రశ్న: నేను లంక గ్రామంలో ఉపాధ్యాయుడిగా పనిచేసి బదిలీ మీద వచ్చేశాను, ఇటీవలే రిటైరయ్యాను. పాత విద్యార్థులను చూడాలని ఉంది. అక్కడ నాకు బంధువులెవరూ లేరు. పిలుపు లేకుండా వెళ్లవచ్చా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ

జవాబు: మాస్టారూ, మీకు పిలుపు అక్కరలేదు. ఒక్క విద్యార్థికి కబురు చేస్తే ఊరంతటికీ చేరుతుంది. పంచాయతీ ఎన్నికలు దగ్గర పడిన రోజుల్లో మాత్రం వెళ్లకండి, మీరు ఎవరింట కాఫీ తాగితే వారి పక్షమే అనుకుంటారు. మీ విద్యార్థుల్లో కొందరు, ముఖ్యంగా ఆడపిల్లలు, కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లి ఉండవచ్చు. వారి సంగతి తల్లిదండ్రులు చెప్పినంతవరకే వినండి, అక్కడ ఏం పని చేస్తున్నారని గాని, ఎంత పంపుతున్నారని గాని గుచ్చి అడగకండి. వారి ఫోను నంబరు ఇస్తే ఆ ఇంట్లో కూర్చునే మాట్లాడండి, తల్లిదండ్రులకు అదొక సంతోషం. చీకటి పడకముందే ఏరు దాటేలా మధ్యాహ్నానికే చేరుకోండి. ఉండిపొమ్మని గట్టిగా అడిగితే ఆ రాత్రి ఉండిపోండి.