బిల్లు కట్టినా గేటు ఎందుకు మోగింది?

ప్రశ్న: మేడమ్, మొన్న మాల్‌లో మా అబ్బాయికి జీన్స్ కొన్నాం, బిల్లు కట్టి బయటికొచ్చేటప్పుడు ఏమీ కాలేదు, అదే కవరుతో ఇంకో షాపులోకి వెళ్తుంటే గేటు కీమని మోగింది. గార్డు అందరిముందూ కవరు గుమ్మరించాడు, తల కొట్టేసినట్టయింది. డబ్బులు కట్టాక కూడా ఎందుకు మోగుతుంది? మా అత్తయ్యగారికి పేస్‌మేకర్ ఉంది, ఆవిడ ఆ గేట్లలోంచి వెళ్లొచ్చా?
— ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: మీ తప్పు రవ్వంత కూడా లేదమ్మా. ఆ గేటుకి మీరు బిల్లు కట్టారో లేదో తెలీదు, దొంగతనం పట్టుకోడానికి వస్తువుకి పెట్టే ట్యాగు ఇంకా పనిచేస్తోందా లేదా అన్నదే తెలుసు. షాపుల్లో ఈ ట్యాగులు ఎక్కువగా రెండు రకాలుంటాయి. ఒకటి 8.2 మెగాహెర్ట్జ్ రేడియో రకం, పల్చటి చదరం స్టిక్కరు, లోపల రేకు తీగ చుట్టలు చుట్టలుగా ఉంటుంది. రెండోది 58 కిలోహెర్ట్జ్ రకం, పొడుగ్గా కాస్త ఉబ్బెత్తుగా ఉండే ప్లాస్టిక్ ముక్క, దాన్లో సన్నటి లోహపు పట్టీ గేటు పంపే సిగ్నల్‌కి వణుకుతుంది, సిగ్నల్ ఆగిపోయాక కూడా గుడిగంట కొట్టి వదిలేశాక మోగినట్టు ఇంకా వణుకుతూనే ఉంటుంది, ఆ మిగిలిన వణుకునే గేటు పట్టుకుంటుంది. ఒక రకం గేటు రెండో రకం ట్యాగుని గుర్తుపట్టదు, అందుకే మీరు కొన్న చోట మోగక పక్క షాపులో మోగి ఉండొచ్చు. కొన్ని బట్టలకి ఫ్యాక్టరీలోనే ట్యాగు లోపల పెట్టి కుట్టేస్తారు, బిల్లింగ్ కౌంటర్లో దాన్ని ప్యాడ్ మీద పెట్టి పనిచేయకుండా చెయ్యాలి, రద్దీలో క్యాషియర్ మర్చిపోతే అది మీతోపాటే ఇంటికొస్తుంది.

జీన్స్ లోపలి లేబుళ్లు తడిమి చూడండి, దొరికితే కత్తిరించేయొచ్చు. గట్టి ప్లాస్టిక్ బిళ్ల ఉండిపోతే మాత్రం లాగొద్దు, కొన్నిట్లో ఇంకు ఉంటుంది, పగిలితే బట్ట పాడైపోతుంది, బిల్లు తీసుకెళ్లి షాపులోనే తీయించుకోండి, వాళ్ల దగ్గర దానికి అయస్కాంతం ఉంటుంది.

గార్డు చేసింది మాత్రం నాకు చాలా బాధేసింది. గేటు మోగినంత మాత్రాన దొంగతనం రుజువైనట్టు కాదు, పక్కకి పిలిచి మర్యాదగా బిల్లు అడగాల్సింది. మళ్లీ ఇలా జరిగితే మేనేజర్ని పిలవమని గట్టిగా అడగండి, మొహమాటపడకండి.

అత్తయ్యగారు మామూలు నడకతో గేటు దాటేయొచ్చు, ఆ స్తంభాలకి ఆనుకోవడం, వాటి మధ్య ఆగి మాట్లాడటం మాత్రం వద్దు. కళ్లు తిరిగినట్టు అనిపిస్తే వెంటనే దూరంగా తీసుకెళ్లండి, డాక్టరు గారికి కూడా చెప్పండి. కొన్ని షాపుల్లో బిల్లింగ్ క్యూ సరిగ్గా గేటు పక్కనే పెడతారు, అలాంటిచోట ఆవిడ్ని దూరంగా కుర్చీలో కూర్చోబెట్టి క్యూలో మీరు నిలబడండి.