గేర్‌బాక్స్ నూనె కారుతుంటే ముందు చూడవలసినవి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

కారు నిలిపిన చోట నూనె మరకలు పడుతున్నాయనీ, గేర్‌బాక్స్ సీలు (నూనెను లోపలే ఆపే రబ్బరు వలయం) ఇంట్లోనే మార్చుకుంటాననీ రాశావు. మార్చుకోవచ్చు. కాని ఏ సీలు కారుతోందో నీ ఉత్తరంలో లేదు. అది తేలకుండా స్పానరు పట్టవద్దు. నూనె ఊరేది ఒక చోట, చుక్క రాలేది మరొక చోట, ఎందుకంటే బండి నడుస్తున్నప్పుడు గాలి ఆ నూనెను వెనక్కి తోసి గేర్‌బాక్స్ అడుగంతా పూసేస్తుంది.

మొదట అది గేర్ ఆయిలేనా అని చూడు. వేళ్ల మధ్య రుద్దితే చిక్కగా ఉండి, గంధకం వాసన ఘాటుగా వస్తే చాలావరకు గేర్ ఆయిలే. నల్లగా, పలచగా ఉండి ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోటు నుంచి చుక్కలు పడుతుంటే, తప్పు బహుశా ఇంజను వెనుక సీలుది. తరువాత అడుగుభాగమంతా డీగ్రీజర్‌తో కడిగి, ఆరబెట్టి, పలచగా టాల్కం పౌడరు చల్లి, 10 లేదా 15 కిలోమీటర్లు నడిపి వచ్చి చూస్తే, పౌడరు తడిసిన చోటే జాడ చెబుతుంది.

సీలును అనుమానించే ముందు గేర్‌బాక్స్ పైభాగంలో ఉండే బ్రీదర్‌ను, అంటే లోపలి గాలి బయటికి పోయే చిన్న గొట్టాన్ని, శుభ్రం చేయి. అది మట్టితో పూడుకుపోతే, వేడెక్కి వ్యాకోచించిన లోపలి గాలి బయటికి పోయే దారిలేక నూనెను సీళ్ల అంచులలోంచి తోస్తుంది. నేను ఒకప్పుడు ఈ చిన్న గొట్టాన్ని చూడకుండా ఒకే సీలును రెండుసార్లు మార్చి, రెండుసార్లూ మరక చూసుకున్నాను.

కారు కిందికి వెళ్లేటప్పుడు జాకీని నమ్మవద్దు. గట్టి, సమతల నేల మీద, ఎత్తని చక్రాలకు అడ్డం పెట్టి, బరువును స్టాండ్ల మీదికి దింపిన తరువాతే కిందికి దూరు. ఈ విషయంలో మినహాయింపు లేదు.

నూనె దించేముందు ఫిల్లర్ ప్లగ్ (నూనె పోసే రంధ్రపు మూత) ఊడుతుందో లేదో చూడు. డ్రెయిన్ ప్లగ్ (నూనె దించే రంధ్రపు మూత) ముందు విప్పేసి, ఆపైన ఫిల్లర్ ప్లగ్ బిగుసుకుపోయిందని తెలిస్తే, నూనె లేని గేర్‌బాక్స్‌తో బండి అక్కడే ఉండిపోతుంది. డ్రెయిన్ ప్లగ్‌కు అయస్కాంతం ఉంటే దానికి అంటిన బూడిదరంగు ముద్ద మామూలు అరుగుదలే. పలుకులుగా ఇనుము కనబడితే సీలు పని పక్కన పెట్టి మెకానిక్‌ను పిలువు. ప్లగ్ వాషర్ మాత్రం ప్రతిసారీ కొత్తది వేయి, కొన్నిసార్లు లీకు అంతా దానిదే.

ముందు చక్రాలతో నడిచే కారైతే ఎక్కువసార్లు కారేది డ్రైవ్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే ఇరుసు) సీలు. చక్రం నేల మీద ఉన్నప్పుడే, చక్రం మధ్యలో షాఫ్ట్‌ను పట్టి ఉంచే హబ్ నట్టును వదులు చేసుకో. షాఫ్ట్ బయటికి తీశాక పాత సీలును పెకలించేటప్పుడు అది కూర్చునే గాడిని గీరవద్దు, ఆ గీత గుండానే మళ్లీ నూనె వస్తుంది. కొత్త సీలు పెదవికి, అంటే షాఫ్ట్‌కు ఆనే లోపలి అంచుకు, గేర్ ఆయిల్ రాసి, స్ప్రింగు ఉన్న వైపు లోపలికి పెట్టి, దాని వెలుపలి అంచుకు సరిపోయే సాకెట్ స్పానరు తలతో నలువైపులా సమంగా కొడుతూ దింపు. షాఫ్ట్ మీద సీలు ఆనే చోట వేలిగోటికి తగిలే గాడి పడి ఉంటే, ఎంత మంచి సీలైనా అక్కడ ఆగదు. షాఫ్ట్‌ను చేత్తో కదిపితే బాగా ఆడుతోందంటే అరిగింది లోపలి బేరింగో బుష్షో అయి ఉంటుంది.

కారేది క్లచ్ వైపు ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజను శక్తిని గేర్‌బాక్స్‌లోకి తెచ్చే ఇరుసు) సీలైతే, గేర్‌బాక్స్ మొత్తం దించాలి. ఒంటరిగా ఆ బరువు మీద పడే పని చేయవద్దు. దించిన రోజే క్లచ్ ప్లేటునూ ఇంజను వెనుక సీలునూ కూడా చూసుకో.

నూనె విషయంలో కారు పుస్తకం చెప్పిన గ్రేడే పోయి. జీఎల్-4, జీఎల్-5 అనేవి గేర్ ఆయిల్ రకాలు. జీఎల్-4 అడిగిన పాత గేర్‌బాక్స్‌లో జీఎల్-5 పోస్తే, అందులోని గంధకపు సమ్మేళనాలు గేరు మార్చేటప్పుడు వేగాలను కలిపే ఇత్తడి సింక్రోనైజర్ రింగులను తినేసే ప్రమాదం ఉంది. కారు సమంగా ఉన్నప్పుడు ఫిల్లర్ రంధ్రం అంచుదాకా నూనె వచ్చేవరకు పోయడం చాలా గేర్‌బాక్స్‌లకు కొలత. చిన్న కార్లలో పట్టేదే ఇంచుమించు 2 లీటర్లు కాబట్టి, రోజూ నాలుగు చుక్కలే కదా అని నెలల తరబడి వదిలేయకు.

పౌడరు ఎక్కడ తడిసిందో చూసి రాయి.

ఇట్లు,
నీ మామయ్య