వేగస్ నుంచి వస్తూ మొజావే లావా ట్యూబ్ చూడొచ్చా?

లాస్ వేగస్ నుంచి లాస్ ఏంజిలిస్ వస్తూ దారిలో మొజావే ఎడారిలోని లావా గుహ చూడొచ్చా, మామూలు కారు సరిపోతుందా, ఏడేళ్ళ పాప నడవగలదా అని అడిగారు. పాప హాయిగా నడుస్తుంది. అనుమానమల్లా కారు మీదే.

మేం అద్దెకు తీసుకున్న చిన్న సెడాన్‌లో వెళ్ళాం. బేకర్ దగ్గర హైవే దిగి కెల్‌బేకర్ రోడ్డు మీద సుమారు 20 మైళ్ళు పోయాక ఎడమకి ఐకెన్ మైన్ రోడ్డు, అక్కడినుంచి దాదాపు 5 మైళ్ళు మట్టిదారి, ఓ చోట ఇసుక, ఓ చోట రాళ్ళు, మిగతాదంతా గతుకులే. కారు అడుగు రెండుసార్లు గీసుకునేసరికి మా ఆవిడ "ఇంక చాలు, దిగి నడుద్దాం" అంది. చివరి మైలు ఎండలో నడిచాం. సిగ్నల్ లేదు, టైరు పోతే ఎవర్ని పిలవాలన్న టెన్షన్ వేరే. ఎత్తుగా ఉండే బండి తీసుకోండి, పెట్రోలూ నీళ్ళూ బేకర్‌లోనే నింపుకోండి, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

గుహలోకి ఇనప మెట్లు దిగాలి. తర్వాత ఒకచోట పైకప్పు బాగా కిందికి వచ్చేస్తుంది, వంగి దాదాపు పాకినట్టే పోవాలి (నా నెత్తి బొప్పి కట్టింది). ఆ ఇరుకు దాటితే నిటారుగా నిలబడొచ్చు, పైకప్పులోని కంతల్లోంచి ఎండ స్తంభంలా నేలమీదికి దిగుతుంది. అది చూడాలంటే మిట్టమధ్యాహ్నం ఆ చుట్టుపక్కల వేళకి లోపలుండాలి. మేం చేరేసరికి రెండు దాటింది, గోడ మీద ఏటవాలు ముక్క మాత్రం మిగిలింది.

బొర్రా గుహల్లోలా వేలాడే రాళ్ళు ఊహించుకోకండి. అక్కడ నీళ్ళు సున్నపురాయిని కరిగించి తొలిచాయి. ఇక్కడ పారుతున్న లావాకి పాల మీద మీగడలా పైన పొర కట్టి రాయైపోయింది, అడుగున వేడిది పారిపోయింది, మిగిలిన ఖాళీ గొట్టంలోనే మనం తిరిగేది. లోపల లైట్లుండవు. పాకేటప్పుడు రెండు చేతులూ కావాలి కాబట్టి తలకి కట్టుకునే టార్చి మేలు. ఫొటోలో వెలుగు బాగా పడాలని కొందరు దుమ్ము ఎగరేస్తుంటారు, పిల్లలున్నప్పుడు దయచేసి వద్దు.

వేసవిలోనైతే అసలు పెట్టుకోకండి. చలికాలంలో వేగస్‌లో ఉదయం ఎనిమిదికల్లా బయల్దేరితే ఎండ స్తంభం మీకు దొరుకుతుంది.