ఊరి జనాభా చూసి ప్రకటనల డబ్బు పంచకు

చి. బుజ్జమ్మకు, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన షీటు చూశాను. పచ్చళ్ల ప్రకటనలు అమెరికాలో ఎక్కడెక్కడ వెయ్యాలో తేల్చడానికి పన్నెండు ఊళ్లు తీసుకుని, జనాభా చూసి పైనుంచి కిందికి పేర్చావు. శాన్ ఆంటోనియో, శాన్ డియాగో, జాక్సన్‌విల్ పైకెక్కాయి. బోస్టన్ వాటి కింద పడింది. అట్లాంటా అట్టడుగున ఉంది. ఈ వరసలో డబ్బు పంచితే చాలా భాగం తప్పు చోటికి పోతుంది. 2020 జనగణన అంకెలు నువ్వు సరిగ్గానే ఎక్కించావు. అయితే అవన్నీ మున్సిపాలిటీ పొలిమేర లోపలి జనం. ఏ టీవీ స్టేషనూ ఆ పొలిమేర చూసి రేటు కట్టదు.

అట్లాంటానే తీసుకో. ఊళ్లో జనం 4,98,715. శాన్ ఆంటోనియోలో 14,34,625, అంటే మూడింతలకు దగ్గర. అదే మెట్రో, అంటే నగరంతో పాటు చుట్టుపక్కల కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) కలిపిన లెక్కకు వచ్చేసరికి అట్లాంటా సుమారు 61 లక్షలు, శాన్ ఆంటోనియో 25.6 లక్షలు. టీవీ మార్కెట్లలో అట్లాంటాకు మొదటి పదిలో చోటు, శాన్ ఆంటోనియోకు ముప్పై దరిదాపుల్లో. ఇదంతా పొలిమేరలు గీసుకున్న తీరు వల్ల వచ్చింది. టెక్సస్ నగరాలు దశాబ్దాల పాటు చుట్టుపక్కల భూమిని తమలో కలుపుకుంటూ పోయాయి. అట్లాంటా చుట్టూ ఉన్నవి వేటికవే నిలబడ్డాయి. శాండీ స్ప్రింగ్స్ 2005లో, జాన్స్ క్రీక్ 2006లో సొంత మున్సిపాలిటీలు అయ్యాయి. జాన్స్ క్రీక్, ఆల్ఫరెటా, కమింగ్‌లలో ఉండే మనవాళ్లు అట్లాంటాలో ఉంటున్నామనే చెబుతారు గానీ, అట్లాంటా నగరం పద్దులో వాళ్లలో ఒక్కరూ లేరు. జాక్సన్‌విల్‌ది ఇంకో తీరు. 1968లో నగరాన్ని డువాల్ కౌంటీతో కలిపేశారు. అలా దాదాపు 747 చదరపు మైళ్ల నేల దాని కిందికి వచ్చింది, 9,49,611 మంది అంత మేర పరుచుకుని ఉన్నారు. శాన్ ఫ్రాన్సిస్కో 47 చదరపు మైళ్లలో 8,73,965 మందిని ఇరికించుకుంది. జాక్సన్‌విల్ పెద్ద ఊరనడం కాగితం మీద నిజమే. టీవీ మార్కెట్‌గా శాన్ ఫ్రాన్సిస్కో మొదటి పదిలో ఉంటే జాక్సన్‌విల్ నలభై దగ్గర ఉంది. ఊరి జనాభా కాలమ్ తీసెయ్యనక్కర్లేదు, దుకాణం లైసెన్సులకీ స్థానిక పన్నులకీ పనికొస్తుంది. వరస మాత్రం దాని మీద పెట్టకు.

మెట్రో లెక్క కొంత నయం. దాన్ని కౌంటీలు కలిపి కడతారు. చుట్టుపక్కల కౌంటీలో నివసించే ఉద్యోగుల్లో కనీసం 25 శాతం మంది నగరం ఉన్న మధ్య కౌంటీలకు ఉద్యోగానికి వెళ్తుంటే ఆ కౌంటీని మెట్రోలో చేరుస్తారు. అంటే అది ఉద్యోగాల రాకపోకల పటం. ఇంట్లో కూర్చుని ఏ ఊరి వార్తలు చూస్తున్నారన్నది అందులో లేదు.

నీకు కావలసింది డీఎంఏ, అంటే డెసిగ్నేటెడ్ మార్కెట్ ఏరియా. టీవీ ఎవరెవరు చూస్తున్నారో కొలిచే నీల్సన్ సంస్థ దేశాన్ని ఇలాంటి 210 మార్కెట్లుగా విడగొట్టింది. ఒక కౌంటీలోని ఇళ్లు ఎక్కువగా ఏ ఊరి స్టేషన్లు చూస్తాయో, ఆ కౌంటీ ఆ మార్కెట్‌కు పోతుంది. కొలత మనుషుల్లో ఉండదు, టీవీ ఉన్న ఇళ్లలో ఉంటుంది. 2023-24 సీజన్‌కు దేశం మొత్తం మీద సుమారు 12.5 కోట్ల ఇళ్లు. న్యూయార్క్ 75 లక్షలకు దగ్గర, లాస్ ఏంజెలెస్ 58 లక్షలు, షికాగో 36 లక్షలు, ఆ తర్వాత ఫిలడెల్ఫియా, డాలస్ చెరో 31 లక్షల చొప్పున. 210వది మోంటానాలోని గ్లెండైవ్, అక్కడ కొన్ని వేల ఇళ్లే.

మెట్రో, డీఎంఏ ఒకటేనని అనుకుంటే ఎక్కడ దెబ్బ తింటావో చెబుతాను. మయామీ మెట్రోలో మూడు కౌంటీలున్నాయి: మయామీ-డేడ్, బ్రోవార్డ్, పామ్ బీచ్. టీవీ లెక్కలో పామ్ బీచ్ విడిపోయి వెస్ట్ పామ్ బీచ్ మార్కెట్‌లోకి వెళ్తుంది. 61 లక్షల మెట్రో అని లెక్కేసుకుని మయామీ స్టేషన్లలో స్లాట్లు కొంటే ఆ మూడో కౌంటీ నీ చేతికి రాదు. కాలిఫోర్నియాలో ఇది తిరగబడుతుంది. రివర్‌సైడ్-శాన్ బెర్నార్డినో 46 లక్షల జనంతో సొంతంగా ఒక మెట్రో. టీవీకి మాత్రం అది లాస్ ఏంజెలెస్‌లో భాగం, ఒక్క పామ్ స్ప్రింగ్స్ వైపు తప్ప. అక్కడ ఒకే కౌంటీ రెండు మార్కెట్ల మధ్య చీలింది. శాన్ హోసే కూడా వేరే మెట్రోనే, కానీ టీవీలో శాన్ ఫ్రాన్సిస్కో, ఓక్లండ్‌లతో కలిసి ఒకటే మార్కెట్. నీ షీటులో శాన్ హోసే, శాన్ ఫ్రాన్సిస్కో రెండు వరసల్లో ఉన్నాయి. అలా వదిలేస్తే ఒకే ఇంటికి రెండుసార్లు డబ్బు కట్టినట్టు అవుతుంది. వాషింగ్టన్, బాల్టిమోర్ మాత్రం పక్కపక్కనే ఉన్నా రెండు వేర్వేరు మార్కెట్లు, వాటిని కలపకు.

శాన్ డియాగో సంగతి విడిగా చెప్పాలి. 13,86,932 మందితో దేశంలో ఎనిమిదో నగరం అది. టీవీ మార్కెట్‌గా ఇరవై అయిదు దాటి ఎక్కడో ఉంటుంది. పడమర సముద్రం, దక్షిణాన మెక్సికో, తూర్పున ఎడారి, ఉత్తరాన లాస్ ఏంజెలెస్ మార్కెట్. పెరగడానికి ఏ దిక్కూ మిగల్లేదు. సాల్ట్ లేక్ సిటీ చూడు, ఊళ్లో జనం రెండు లక్షలు కూడా లేరు. చుట్టూ పోటీపడే నగరం లేదు కనుక యూటా దాదాపు మొత్తం, పక్క రాష్ట్రాల కౌంటీలు కొన్ని దాని కిందికే వచ్చాయి. రెండూ మార్కెట్లుగా ఇంచుమించు ఒకే చోట నిలుస్తాయి.

ఇక షీటు కట్టే పని. ఊరి పేరుతో మొదలుపెట్టకు, కౌంటీతో మొదలుపెట్టు. ఒక్కో వరసకు ఒక్కో కౌంటీ. మొదటి కాలమ్‌లో అయిదంకెల ఫిప్స్ కోడ్ (ఒక్కో కౌంటీకి ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు సంఖ్య), తర్వాత కౌంటీ పేరు, రాష్ట్రం, జనాభా, మెట్రో, డీఎంఏ. ఎక్సెల్‌లో ఫైలు తెరిచే ముందే ఫిప్స్ కాలమ్‌ను టెక్స్ట్ చెయ్యి. లాస్ ఏంజెలెస్ కౌంటీ కోడ్ 06037. అంకెగా వదిలేస్తే ముందున్న సున్నా ఎగిరిపోయి 6037 అవుతుంది, రెండు ఫైళ్లు కలిపినప్పుడు ఆ వరస ఖాళీగా వస్తుంది. అలబామా, అలాస్కా, ఆరిజోనా, ఆర్కన్సా, కాలిఫోర్నియా, కొలరాడో, కనెక్టికట్ ఏడింటికీ ఇదే గతి. కాలిఫోర్నియా మొత్తం మాయమైతే కనిపెట్టేస్తావులే, ఆర్కన్సా పోతే ఎవరికీ తెలియదు.

పేరు పట్టుకుని మాత్రం ఫైళ్లు కలపకు. వాషింగ్టన్ కౌంటీ, జెఫర్సన్ కౌంటీ అనే పేర్లు ఎన్నో రాష్ట్రాల్లో ఉన్నాయి. సెయింట్ లూయిస్ నగరం వేరు, సెయింట్ లూయిస్ కౌంటీ వేరు, బాల్టిమోర్‌కూ అంతే. వర్జీనియాలో 38 నగరాలు ఏ కౌంటీకీ చెందవు, వాటికి సొంత కోడ్‌లు ఉంటాయి. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ వేసుకుని ఫెయిర్‌ఫాక్స్ నగరం మరిచిపోవడం మామూలు. కనెక్టికట్‌లో ఇంకో చిక్కుంది. జనగణన శాఖ 2022 నుంచి అక్కడి ఎనిమిది కౌంటీల బదులు తొమ్మిది ప్లానింగ్ రీజియన్లతో పట్టికలు ఇస్తోంది, కోడ్‌లు కూడా మారాయి. పాత కౌంటీల జాబితాకు కొత్త పట్టిక అతకదు. కనెక్టికట్‌లోని ఫెయిర్‌ఫీల్డ్ కౌంటీ న్యూయార్క్ మార్కెట్‌లోది కాబట్టి, అది జారిపోతే అన్నిటికన్నా పెద్ద వరసే తప్పుతుంది. ఆ రాష్ట్రానికి 2020 అంకెలే వాడి పక్కన ఆ సంగతి రాసి పెట్టు.

కలపడం అయ్యాక డీఎంఏ వారీగా జనాభా కూడి, టీవీ ఇళ్లతో భాగించు. దేశం సగటు ఇంటికి 2.7 మంది దగ్గర వస్తుంది. రిటైరైన వాళ్లు ఎక్కువగా ఉండే టాంపాలో అంతకన్నా తక్కువ, పెద్ద కుటుంబాలున్న యూటాలో మూడు దాకా రావచ్చు. ఎక్కడైనా 1.6 అనో 4 అనో వచ్చిందంటే కౌంటీలు జారిపోయాయన్నా రెండుసార్లు పడ్డాయన్నా అర్థం. అది సరిచేసేదాకా ముందుకు కదలకు.

ర్యాంకులను నమ్ముకోకు, ఇళ్ల అంకె చూడు. ఒకటి నుంచి రెండుకు దిగితే 17 లక్షల ఇళ్లు తగ్గుతాయి. 2023-24లో ఆరు నుంచి పది దాకా అట్లాంటా, హ్యూస్టన్, వాషింగ్టన్, బోస్టన్, శాన్ ఫ్రాన్సిస్కో అయిదూ 25-27 లక్షల మధ్య కిక్కిరిసి ఉన్నాయి. ఏటా వాటిలో ఒకటి పైకీ ఒకటి కిందికీ జరుగుతుంటుంది. 'ర్యాంకు పడిపోయింది' అని ఎవరైనా రేటు బేరానికి దిగితే ఇళ్లు ఎన్ని తగ్గాయో అడుగు. అలాగే ఆస్టిన్, శాన్ ఆంటోనియోల మధ్య దూరం 80 మైళ్లే. విడివిడిగా చూస్తే రెండూ ముప్పై దాటినంత పనే, కలిపి కొంటే మొదటి ఇరవైలో నిలిచే మార్కెట్టంత అవుతాయి. నీ జాబితాలో ఆస్టిన్ అసలు లేదు, చేర్చు.

రేడియోకు ఈ పటం పనికిరాదు. దాని మార్కెట్లు వేరు, కొలత ఇళ్లలో కాక 12 ఏళ్లు దాటిన మనుషుల్లో ఉంటుంది. టీవీలో కలిసిపోయిన శాన్ హోసే, రివర్‌సైడ్ అక్కడ సొంత మార్కెట్లు.

ఇంతా చెప్పాక అసలు ప్రశ్న ఒకటుంది: మీ పచ్చళ్లు కొనేది ఎవరు? తెలుగు ఇళ్లే అయితే డీఎంఏ మొత్తానికి స్లాట్లు కొనడం దండగ. న్యూజెర్సీలో ఎడిసన్ ఉన్న మిడిల్‌సెక్స్ కౌంటీ న్యూయార్క్ మార్కెట్‌లోది. ఆ ఒక్క కౌంటీ కోసం 75 లక్షల ఇళ్ల రేటు కడతావా? దాన్ని ఆనుకుని ఉన్న మెర్సర్ కౌంటీ ఫిలడెల్ఫియా మార్కెట్. ప్లెయిన్స్‌బరోలో ఉన్న ఇంటికి న్యూయార్క్ ప్రకటన లెక్క, పక్కనే వెస్ట్ విండ్సర్ ఇంటికి ఫిలడెల్ఫియా లెక్క. ఆదివారం ఇద్దరూ ఒకే దేశీ దుకాణంలో కరివేపాకు ఏరుకుంటూ కనిపిస్తారు. డాలస్‌లో కూడా నీకు కావలసింది కాలిన్, డెంటన్ కౌంటీలు, అర్వింగ్ చుట్టుపక్కల. మిగతా పల్లె కౌంటీలు కావు. ఇలాంటి చోట్ల కేబుల్ కంపెనీని జోన్ వారీ రేటు అడుగు, ఆన్‌లైన్ ప్రకటనలు జిప్ కోడ్‌ల మీద పెట్టు. జనగణన శాఖ ఏటా చేసే ఏసీఎస్ సర్వే 2016 నుంచి ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లను విడిగా చూపిస్తోంది. మెట్రో స్థాయి పట్టిక తీసుకో. చిన్న ప్రాంతాల పట్టికల్లో తెలుగును వేరే భాషలతో కలిపేస్తారు. అంకె పక్కనే మార్జిన్ ఆఫ్ ఎర్రర్, అంటే ఆ అంకె ఎంత అటూ ఇటూ కావచ్చో ఉంటుంది, అది అంకెలో సగం దాటితే ఆ వరస వదిలెయ్యి.

గూగుల్ ప్రకటనల్లో 'న్యూయార్క్' అని కొడితే నగరం, రాష్ట్రం, డీఎంఏ మూడూ వస్తాయి. తొందరలో రాష్ట్రం నొక్కితే డబ్బు బఫలో దాకా పోతుంది, ఎడిసన్‌కు పైసా చేరదు. ఎంచిన తర్వాత మ్యాప్‌లో రంగు ఎంత మేర పరుచుకుందో కంటితో చూసి అప్పుడు సేవ్ చెయ్యి.

ప్రతి కాలమ్ తల మీద ఏ ఏడాది అంకెలో రాయి. జనాభాది 2020, మెట్రో సరిహద్దులది 2023, టీవీ ఇళ్లది ఏ సీజనో అది. టీవీ సీజన్ సెప్టెంబరు చివర్లో మారుతుంది, కొత్త అంకెలు అప్పుడే అమల్లోకి వస్తాయి. దసరా, దీపావళికి స్లాట్లు కొంటున్నావు కనుక సేల్స్ వాళ్లు పాత సీజన్ కాగితం చూపిస్తే కొత్తది అడుగు. ముందు డాలస్ ఒక్కటే కౌంటీల వారీగా కట్టి పంపు. భాగహారం సరిపోయిందో లేదో చూశాక మిగతావి మొదలుపెడుదువు గాని.

మీ పెదనాన్న